ఇరుసు కింది నుంచి తలుపు కిందికి: కారు జాకీ చరిత్ర

పాత కార్లను అవి తయారైన నాటి రూపంలో నిలబెట్టే పనిలో ఇంజనుకు, రంగుకు, సీట్ల తోలుకు దక్కే శ్రద్ధలో పదో వంతు కూడా జాకీకి దక్కదు. డిక్కీలో ఒక మూల పడి ఉండే ఈ ఇనుప పనిముట్టు ఏ కారుదైనా మరే కారుకైనా పనికొస్తుందన్న నమ్మకం బలంగా నాటుకుపోవడమే ఇందుకు కారణం. కారు చరిత్ర ఈ నమ్మకాన్ని సమర్థించదు. ఏ కారును ఎక్కడ పట్టి ఎత్తాలన్నది ఆ కారు ఎముకల కూర్పు నిర్ణయించే విషయం. ఆ కూర్పు మారిన ప్రతిసారీ జాకీ ఎత్తు, దాని తల ఆకారం, అది ఆనే చోటు మారుతూ వచ్చాయి. అందువల్ల పాత కారుకు తగిన జాకీని వెతికేవారు ముందుగా తెలుసుకోవలసింది, ఆ కారు బరువు ఏ భాగాల మీదుగా నేలకు దిగుతుందన్న సంగతి.

కారు పుట్టకముందే జాకీ ఉంది. 13వ శతాబ్దపు ఫ్రాన్సుకు చెందిన విలార్ ద ఒనెకూర్ తన చిత్రాల పుస్తకంలో మర తిప్పి బరువులెత్తే యంత్రాన్ని గీశాడు. ఆ తర్వాతి కాలంలో ఐరోపా బండివాళ్లు చెక్క దిమ్మెలో అమర్చిన ఇనుప పళ్ల కడ్డీని, దానిని పైకి నెట్టే చిన్న పళ్ల చక్రాన్ని వాడారు. చేతిపిడి తిప్పితే పళ్ల చక్రం తిరిగి కడ్డీ అంగుళం అంగుళంగా లేచేది. అమెరికాలో 18, 19 శతాబ్దాల్లో సరుకులు మోసిన కానెస్టోగా బండ్ల వెంట ఇటువంటి జాకీలే ఉండేవి, వాటిలో కొన్నింటి మీద కమ్మరులు చెక్కిన సంవత్సరాలు, పొడి అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. చక్రం ఊడదీసి ఇరుసుకు కందెన పూయడం వీటి ముఖ్యమైన పని. తెలుగు నేల మీది ఎడ్లబండి ఆ బండ్లతో పోలిస్తే తేలిక కాబట్టి, మనుషులు భుజం పట్టి ఎత్తి ఇరుసు కింద ఒక మొద్దు ఆనిస్తే ఆ పని జరిగిపోయేది. టన్నుల బరువు మోసే నాలుగు చక్రాల బండికి మాత్రం యంత్రసాయం తప్పనిసరి అయింది.

మర జాకీ, అంటే స్క్రూ జాకీ, పనిచేసే తీరులో ఒక ప్రత్యేకత ఉంది. మర మీద ఒక చుట్టుకు, పక్క చుట్టుకు నడుమ ఉండే దూరాన్ని మర అంతరం అంటారు. 25 సెంటీమీటర్ల పిడిని ఒక పూర్తి చుట్టు తిప్పితే చెయ్యి దాదాపు 157 సెంటీమీటర్ల దూరం తిరుగుతుంది, మర అంతరం 6 మిల్లీమీటర్లయితే బరువు ఆ 6 మిల్లీమీటర్లే లేస్తుంది. లెక్క ప్రకారం చేతి బలం 260 రెట్లకు పైగా పెరగాలి. ఘర్షణ అందులో సగానికి మించి తినేస్తుంది. అయితే ఆ ఘర్షణే మనిషి ప్రాణాన్ని కాపాడుతుంది, ఎందుకంటే వాలు తక్కువగా ఉన్న మర, పిడి వదిలేసినా బరువుకు లొంగి వెనక్కి తిరగదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ రోడ్డు ఎత్తు పెరిగి పల్లంలో పడిన ఇళ్లను పునాది దగ్గర కోసి వరుసగా జాకీలు పెట్టి పైకి లేపే పనివారు మర జాకీలను నమ్ముకోవడానికి ఇదే కారణం. ఎత్తిన బరువు రాత్రంతా ఎత్తినచోటనే నిలుస్తుంది.

నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ జాకీ వంశం వేరు. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా చేరుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రాన్ని, 1795లో లండన్‌లో జోసెఫ్ బ్రామా తన ప్రెస్సుకు పేటెంటు పొందడంతో పనిముట్టుగా మలిచాడు. ఒత్తిడి పెరిగేకొద్దీ సందుల్లోంచి ద్రవం కారిపోవడం ఆ ప్రెస్సును వేధించిన చిక్కు. ఒత్తిడి పెరిగినకొద్దీ మరింత గట్టిగా గోడకు అతుక్కునే తోలు వాషరును రూపొందించి ఆ చిక్కు విప్పిన ఘనతను బ్రామా దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్స్‌లేకు ఇస్తారు. 1851లో న్యూయార్క్‌లో రిచర్డ్ డడ్జన్ ఈ ప్రెస్సును మనిషి మోసుకుపోగల పరిమాణానికి దించి పేటెంటు పొందాడు. బర్మింగ్‌హామ్‌కు చెందిన టాంగీ సోదరుల హైడ్రాలిక్ జాకీలకు పేరు తెచ్చినది మాత్రం ఒక ఓడ: ఇంజనీరు బ్రూనెల్ నిర్మించిన గ్రేట్ ఈస్టర్న్ 1857 నవంబరులో నీటిలోకి జారడానికి మొరాయించగా, నెలల ప్రయత్నం తర్వాత 1858 జనవరి 31న దానిని థేమ్స్ నదిలోకి నెట్టడంలో ఆ జాకీలదే ప్రధాన పాత్ర. నేడు తెలుగు మెకానిక్ బాటిల్ జాకీ అని పిలిచే పనిముట్టులో ఉన్న చిన్న పంపు, పెద్ద ప్లంజరు, వాటి నడుమ నూనెను వెనక్కి పోనివ్వని గోళీ వాల్వులు అన్నీ ఆ కాలపు ఆలోచనలే.

కారుకు జాకీ అవసరమైనది ప్రధానంగా టైరు వల్ల. 1895లో పారిస్ నుంచి బోర్డో వెళ్లి తిరిగి వచ్చే పందెంలో మిషెలిన్ సోదరులు గాలి టైర్లతో కారు నడిపారు. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాల పాటు గాలి టైరు అంటే సుఖమైన ప్రయాణం, దాని వెంటే తరచూ పంక్చరు. గుర్రాల లాడాల నుంచి రాలిన మేకులతో నిండిన రోడ్ల మీద చక్రం ఎత్తడం రోజువారీ పని అయింది. తొలినాటి కార్లలో చక్రమే ఊడి రాదు, ఎత్తి ఉంచిన చక్రం మీదనే టైరు ఒలిచి, ట్యూబుకు అతుకు వేసి, మళ్లీ ఎక్కించాలి. 1908 నుంచి 1927 వరకు కోటిన్నర దాకా తయారైన ఫోర్డ్ మోడల్ టి కార్లలో కూడా విడదీయగల రిమ్ములు 1919లో గాని రాలేదు. వేల్స్‌లోని లానెల్లి పట్టణంలో స్టెప్నీ వీధిలో 1904లో డేవీస్ సోదరులు తయారుచేసిన, గాలి పోయిన చక్రం పక్కన బిగించే ఆకులు లేని అదనపు చక్రం ఈ బాధ నుంచి పుట్టినదే. స్టెప్నీ అన్న దాని పేరు భారతదేశపు డ్రైవర్ల నోట ఇప్పటికీ బతికి ఉంది.

ఆ తరం కార్లకు చాసిస్, అంటే ఉక్కు చట్రం, విడిగా ఉండేది. చట్రం కింద కమాన్ కట్టలు, వాటి కింద ముందొకటి వెనకొకటి అడ్డంగా సాగే గట్టి ఇరుసులు. బరువంతా ఇరుసుల మీదనే ఆనుతుంది గనుక జాకీ పెట్టే చోటు గురించి సందేహానికి తావులేదు, అది కమాన్ కట్ట పక్కన ఇరుసు కిందనే. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెసులో ఉన్న 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, నిజాముల సింహాసనపు కారుగా పేరుపొందినది, ఈ ఇరుసుల కాలానికే చెందుతుంది. చోటు తేలికే గాని జాకీ కొలతే కష్టం. గాలి దిగిన టైరు మీద ఇరుసు నేలకు బాగా దగ్గరవుతుంది, కాబట్టి జాకీ ముడుచుకున్నప్పుడు పొట్టిగా ఉండాలి; గాలి నిండిన చక్రాన్ని ఎక్కించాలంటే అదే జాకీ చాలా ఎత్తు లేవాలి. ఒకే మరతో ఈ రెండూ సాధ్యం కావు. అందుకే ఇంగ్లండులో ఎసెక్స్ ప్రాంతపు బ్రెయిన్‌ట్రీ పట్టణంలోని లేక్ అండ్ ఎలియట్ వంటి కర్మాగారాలు 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల నుంచి కార్ల కోసమే ప్రత్యేకంగా జాకీలు చేశాయి, ఆ కాలంలో ఒక మర లోపల మరొక మర ఇమిడి రెండంచెలుగా లేచే జాకీలు వాడుకలోకి వచ్చాయి. వాటి తలకు ఇరుసు జారకుండా లోతైన గాడి, పక్కన పొడవాటి కడ్డీ తగిలించుకునే కొక్కెం ఉంటాయి, కారు కిందికి దూరకుండా బయట నిలబడే తిప్పడానికి అది ఏర్పాటు. పాత ఆస్టిన్‌కో మోరిస్‌కో జాకీ వెతికేవారు ముందు కొలవవలసినవి ఈ రెండే: ముడుచుకున్న ఎత్తు, పూర్తిగా లేచిన ఎత్తు. మోయగల బరువు ఆ తర్వాతి మాట.

1930లలో కారు ఎముకలు మారిపోయాయి. ముందు చక్రాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విడివిడిగా లేచి దిగే సస్పెన్షన్ వచ్చింది. 1931 మెర్సిడెస్ 170లోనూ, 1934 సిట్రోయెన్ ట్రాక్షన్ అవాన్‌లోనూ ముందు అడ్డు ఇరుసు లేదు. ట్రాక్షన్ అవాన్‌లో చాసిస్ కూడా విడిగా లేదు. రేకుతో మడిచి అతికిన బాడీయే చట్రంగా కూడా పనిచేసే ఈ నిర్మాణాన్ని మోనోకాక్ అంటారు. 1935లో జర్మనీ ఒపెల్ ఒలింపియా, ఆ వెంటనే బ్రిటన్ వాక్స్‌హాల్, మోరిస్ కార్లు ఇదే దారి పట్టాయి. ఇరుసు మాయమయ్యాక జాకీ ఎక్కడ పెట్టాలి? పలచని రేకు నేల కింద పెడితే అది లోపలికి సొట్టపోతుంది. ఈ ప్రశ్నకు ఒక్కో దేశం ఒక్కో జవాబు ఇచ్చింది, పాత కార్ల జాకీలలో కనిపించే వైవిధ్యమంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

అమెరికా జవాబు బంపరు. దళసరి ఉక్కు బంపర్లు చాసిస్‌కు గట్టిగా బిగించి ఉండటంతో, నిలువు కడ్డీ మీద పన్ను పన్నుగా ఎక్కే కొక్కెం బంపరుకు తగిలించి కారు ఒక కొసను లేపేవారు. ఇండియానా రాష్ట్రంలో పి.జె. హారా 1905లో పేటెంటు పొందిన ఎత్తైన పళ్ల జాకీ దీనికి దగ్గరి చుట్టం. నడుం వంచకుండా ఎత్తగలగడం బంపరు జాకీ సౌకర్యం, గాలికి ఊగే కడ్డీ మీద కారును నిలపడం దాని ప్రమాదం. ఒక్కో కంపెనీ, ఒక్కో ఏడాది బంపరు వంపుకు తగ్గట్టు కొక్కెం ఆకారం మారేది, అందుచేత ఒక ఏడాది షెవ్రొలే కొక్కెం మరో ఏడాది బంపరు మీద జారిపోవచ్చు. గంటకు 5 మైళ్ల వేగంలో ఢీకొన్న దెబ్బను ముందు బంపర్లు తట్టుకోవాలని 1973 మోడళ్ల నుంచి అమెరికా ప్రభుత్వం నిబంధన తెచ్చింది. లోపలికి కుంగి మళ్లీ బయటికి వచ్చే ఆ కొత్త బంపర్ల మీద కారు బరువు మోపడం కుదరక, కత్తెరలా తెరుచుకునే సిజర్ జాకీ క్రమంగా ఆ స్థానంలోకి వచ్చింది.

అన్నిటికంటె ధైర్యమైన జవాబు జాకీని కారులోనే కలిపేయడం. 1930లలో బ్రిటన్‌లో వచ్చిన జాకాల్ అమరికలో నాలుగు హైడ్రాలిక్ జాకీలు ముందు రెండు, వెనక రెండుగా కారుకు శాశ్వతంగా బిగించి ఉండేవి; ఒక మీటను ఆడిస్తే, తిప్పుడు వాల్వు పెట్టిన స్థానాన్ని బట్టి కారు ముందుభాగమో, వెనుక భాగమో, మొత్తమో లేచేది. వోల్స్‌లీ, ఎంజీ వంటి కార్లలో ఇది కనిపించింది. 1947లో వచ్చిన ఎంజీ వై శ్రేణి దానిని యుద్ధానంతర కాలంలోకి తెచ్చింది. 1955లో సిట్రోయెన్ డిఎస్ మరో అడుగు వేసింది. దాని సస్పెన్షనే నూనె, వాయువు ఒత్తిళ్లతో పనిచేస్తుంది గనుక, కారును పూర్తి ఎత్తుకు లేపి, పక్కన ఒక స్టాండు ఆనించి, సస్పెన్షన్‌ను దించమంటే కారు స్టాండు మీద నిలిచి చక్రాలు వాటంతటవే పైకి ముడుచుకుంటాయి. ఇంత అందమైన ఆలోచన కార్ల చరిత్రలో చాలా అరుదు. అయితే డిఎస్ కొన్నవారు ఆ స్టాండు పోగొట్టుకుంటే మామూలు సిజర్ జాకీ దానికి ప్రత్యామ్నాయం కాదు.

ఎక్కువ దేశాలు అనుసరించినది బ్రిటన్, జర్మనీల సాదా మార్గం. మోనోకాక్ బాడీలో తలుపుల కింద ముందు నుంచి వెనక్కి పెట్టె ఆకారంలో సాగే గట్టి అంచును సిల్ అంటారు. కారు నడుముకు బలం ఇచ్చేది అదే. ఆ అంచు దగ్గర ఒక సాకెట్ అతికి, అందులోకి జాకీ చెయ్యి దూర్చి పక్క నుంచి ఎత్తే పద్ధతిని మోరిస్ మైనర్, 1959 నాటి మినీ, 1962 నాటి ఎంజీబీ వాడుకున్నాయి. సాకెట్ సిల్ మధ్యలో ఉంటుంది కాబట్టి ఒకే జాకీతో ఆ పక్క ముందు, వెనక చక్రాలు రెండూ నేల విడుస్తాయి. కారు లేచేకొద్దీ అవతలి చక్రాలను ఆధారం చేసుకుని వృత్తచాపం వెంట కదులుతుంది, అందుకని ఎత్తడం మొదలుపెట్టేటప్పుడు జాకీ తల కొంచెం బయటికి వాలి ఉండాలని కంపెనీ పుస్తకాలు చెప్పేవి; నిటారుగా మొదలుపెట్టిన జాకీ చివరికి కారు వైపు ఒరిగి జారిపోతుంది. జర్మనీలో ఫోక్స్‌వాగన్ బీటిల్‌కు, పోర్షె 356కు పక్క సాకెట్ జాకీలు ఉండేవి. 356 జాకీలను చేసిన బిల్‌స్టీన్ తర్వాతి కాలంలో షాక్ అబ్జార్బర్లకు ప్రసిద్ధి చెందిన కంపెనీయే. ఒక కారు చెయ్యి చదరంగా, మరొక దానిది గుండ్రంగా, ఇంకొకదానిది కొస వంపుతో ఉంటుంది. చూపుకు సరిపోయినట్టు కనిపించే జాకీ చెయ్యి సాకెట్‌లో వదులుగా ఆడితే అది ఆ కారుది కాదని అర్థం.

భారతదేశంలో తయారైన పాత కార్లలో ఎక్కువ భాగం ఈ మూడో దారివే. 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్ మోరిస్ టెన్ ఆధారంగా హిందుస్థాన్ టెన్‌ను, ఆ తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి ఆధారంగా అంబాసిడర్‌ను తయారుచేసింది. 1957 నుంచి 2014 వరకు సాగిన అంబాసిడర్ మోనోకాక్ కారు. దాని వెనక గట్టి ఇరుసు, కమాన్ కట్టలు, ముందు విడివిడి చక్రాలు, మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్లు ఉంటాయి. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964 నుంచి తయారుచేసి, 1974లో పద్మిని అని పేరు పెట్టిన ఫియట్ 1100 కూడా విడి చాసిస్ లేని కారే. ఈ కార్లను దశాబ్దాల పాటు టాక్సీలుగా నడిపినవారు సిల్ నమ్మదగని స్థితికి వచ్చాక లారీల బాటిల్ జాకీని డిక్కీలో వేసుకుని, వెనక ఇరుసు గొట్టం కిందో, ముందు సస్పెన్షన్ కింది చెయ్యి కిందో పెట్టి పని గడుపుకున్నారు. ఇరుసుల కాలపు పద్ధతిని మోనోకాక్ కారుకు అన్వయించిన ఈ ఉపాయం, బరువు దిగే దారిని గుర్తించి చేసినది కాబట్టి, తప్పు పట్టదగినది కాదు. ఒక వెనక చక్రం గాలిలో ఉన్నప్పుడు డిఫరెన్షియల్ ఆ చక్రాన్ని స్వేచ్ఛగా తిరగనిస్తుంది, కనుక గేరులో వదిలినంత మాత్రాన కారు ఆగదు. మిగిలిన చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టే అలవాటు వెనుక ఉన్న శాస్త్రం ఇదే.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి ఉప్పు గాలి తగిలే ఊళ్లలో సిల్ పెట్టెలోకి చేరిన తేమ లోపలి నుంచే రేకును తింటుంది, బయట రంగు నిగనిగలాడుతున్నా సాకెట్ చుట్టూ ఇనుము పొరలు పొరలుగా రాలిపోయి ఉండవచ్చు. అటువంటి కారుకు అసలు జాకీయే దొరికి అతికినట్టు సరిపోయినా, ఎత్తిన మరుక్షణం అది నేల రేకును చీల్చుకుని సీటు కిందికి వస్తుంది. కాబట్టి జాకీ కొనే ముందు సాకెట్‌ను సుత్తితో తట్టి, ఆ శబ్దం విని, అవసరమైతే సిల్ కోసి కొత్త రేకు అతికించడం ఈ పనిలో మొదటి మెట్టు.

దొరికిన మర జాకీ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉండటం సాధారణం. కిరోసిన్‌లో నానబెట్టి విప్పితే, తల కింద బరువు మోసే గోళీ బేరింగులో గ్రీజు రాయిలా గట్టిపడి ఉంటుంది. కొత్త గోళీలు, కొత్త గ్రీజుతో చాలా జాకీలు తిరిగి ప్రాణం పోసుకుంటాయి. అసలు అరుగుదల మరకు పట్టే నట్టులో ఉంటుంది, దానిని కంచు లోహంతో చేసిన జాకీలు అదృష్టవంతమైనవి, ఎందుకంటే విజయవాడ జవహర్ ఆటోనగర్ వంటి చోట్ల లేత్ పనివారు గన్‌మెటల్ కడ్డీ నుంచి అటువంటి నట్టును తిరిగి చేయగలరు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. పాత బ్రిటిష్ మరలను అంగుళానికి ఇన్ని చుట్లు అనే లెక్కతో కోసేవారు; అంగుళానికి 5 చుట్లున్న మర అంతరం 5.08 మిల్లీమీటర్లు, దానిని 5 మిల్లీమీటర్లుగా భావించి నట్టు కోస్తే పది చుట్ల పొడవులో 0.8 మిల్లీమీటర్ల తేడా పేరుకుని మర మధ్యలోనే బిగుసుకుంటుంది. అమెరికా పద్ధతి ఆక్మీ మర పక్కల నడుమ కోణం 29 డిగ్రీలు, మెట్రిక్ ట్రపిజాయిడ్ మరది 30 డిగ్రీలు. కంటికి అందని ఈ ఒక్క డిగ్రీ కూడా నట్టును ఒకే అంచు మీద అరగదీస్తుంది. పోత ఇనుముతో చేసిన దిమ్మె పగిలితే మామూలు వెల్డింగు నిలవదు. పగులు ఉందేమోనన్న అనుమానం ఉంటే కిరోసిన్ పూసి, తుడిచి, పైన సుద్ద రాస్తే పగులులో దాగిన కిరోసిన్ తడి గీతగా బయటికి వస్తుంది. ఆ గీత కనిపించిన జాకీని ప్రదర్శనకు ఉంచాలి గాని కారు కింద పెట్టకూడదు.

హైడ్రాలిక్ జాకీకి వచ్చే జబ్బులు వేరు. తోలు వాషర్లున్న పాత జాకీ ఎండిపోయి ఒత్తిడి నిలపకపోతే, తోలును నూనెలో నానబెట్టడంతోనే అది తిరిగి పనిచేయవచ్చు. రబ్బరు సీళ్లున్న జాకీలో చూడవలసినది, ఆ రబ్బరు ఏ నూనె కోసం చేసినదన్న సంగతి. నైట్రైల్ రబ్బరు ఖనిజ నూనెను తట్టుకుంటుంది, గ్లైకాల్‌తో చేసే బ్రేక్ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. సహజ రబ్బరు విషయంలో దీనికి సరిగ్గా తలకిందులు. చేతికందిన బ్రేక్ ఆయిల్‌ను జాకీలో పోసే అలవాటు వల్ల పాడైన జాకీలకు లెక్కలేదు. పంపు ఎంత కొట్టినా బరువు మెల్లగా కుంగిపోతుంటే సీళ్లకంటె ముందు గోళీ వాల్వు కూర్చునే చోటును చూడాలి, అక్కడ ఇరుక్కున్న ఒక ఇనుప రజను చాలు నూనె వెనక్కి జారడానికి. విప్పి బిగించాక విడుదల వాల్వు తెరిచి పంపును కొన్నిసార్లు ఆడించి లోపలి గాలిని వెళ్లగొట్టకపోతే జాకీ స్పాంజిలా మెత్తగా లేస్తుంది. జాకాల్ అమరిక ఉన్న కార్లలో ఈ పని నాలుగింతలు, ఎందుకంటే నాలుగు జాకీలతో పాటు వాటి మధ్య పాకే సన్నని గొట్టాలు కూడా దశాబ్దాల తుప్పును మోస్తున్నాయి. బాగుచేసిన జాకీ ఏదైనా సరే, బరువు పెట్టి కొంతసేపు వదిలి కుంగుదల లేదని తేల్చుకున్నాకనే వాడుకలోకి రావాలి, అప్పుడు కూడా కారు కిందికి మనిషి దూరే పనికి విడిగా స్టాండ్లు ఉండి తీరాలి.

ఈ పనిముట్టు విలువ భారతదేశంలో ఇప్పుడిప్పుడే మారుతోంది. 2021లో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్లు దాటిన, అసలు రూపంలో నిలిచిన వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తించి వాటికి విఎ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలు తెచ్చింది. తొలి అంబాసిడర్లు, ఫియట్ 1100లు ఆ వయసు దాటాయి, పద్మిని పేరుతో వచ్చిన తొలి కార్లు కూడా ఆ వరుసలో చేరుతున్నాయి. వీటి ఇంజను భాగాలు, అద్దాలు, బంపర్లు ఇప్పటికీ పాత సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. కారుతో వచ్చిన జాకీ మాత్రం చాలాచోట్ల తూకానికి వెళ్లిపోయింది. మిగిలిన జాకీల ముడుచుకున్న ఎత్తు, లేచే ఎత్తు, చేతి కొస ఆకారం, మర కొలత, దిమ్మె మీది ముద్ర, అది ఏ సంవత్సరపు కారుతో వచ్చింది అన్న వివరాలను కారు యజమానులు, మెకానిక్కులు కలిసి కొలిచి రాసిపెట్టుకుంటే, లేత్ మీద కొత్త జాకీ చేయించుకోవాలనుకునేవారికి ఆ రాతలే నమూనా అవుతాయి.